రంగు గీకించే ముందు: పాత ఫియట్ పుట్టుపూర్వోత్తరాలు రాబట్టే పద్ధతి

మీరు అడిగినదాన్ని ముందు నా మాటల్లో చెప్పుకొని, ఆ తరువాత జవాబులోకి వస్తాను. మీ తాతగారి ఫియట్ కారు పదిహేనేళ్లుగా తిరుపతిలో మీ ఇంటి రేకుల షెడ్డులో కదలకుండా ఉంది. ఆయన దాన్ని 1966లో మద్రాసులో కొత్తగా కొన్నారని ఇంటిల్లిపాదీ చెబుతారు. చేతిలో ఉన్న ఆర్సీ పుస్తకం చిత్తూరులో తీసుకున్న నకలు. అందులో తయారీ సంవత్సరం 1969 అనీ, రంగు తెలుపు అనీ ఉంది. నంబరు ‘ఎ’ అక్షరంతో మొదలయ్యే పాత ఆంధ్ర నంబరు. ఇంజను మధ్యలో ఎప్పుడో మార్చినట్టు మీ నాన్నగారికి లీలగా గుర్తు. కారు నిజంగా ఏ సంవత్సరానిది, ఏ రంగుతో ఫ్యాక్టరీ దాటింది, లోపలున్న ఇంజను దానిదేనా అన్నవి మీ సందేహాలు. చివర్లో, వచ్చే వారం బండిని టింకరింగుకు, అంటే రేకు సొట్టలు తీసి పాత రంగు గీకే పనికి, ఇస్తున్నానని రాశారు.

దయచేసి అప్పుడే ఇవ్వకండి. చిత్తూరులో ముప్పై ఏళ్లకు పైగా షెడ్డు నడిపినవాడిగా ఈ మాట చెబుతున్నాను. మీ సందేహాల్లో కనీసం రెండింటికి జవాబు ఆ రేకు మీదే, రంగు పొరల కిందా, అద్దాల చుట్టూ ఉండే రబ్బరు బీడింగుల చాటునా ఉంది. టింకరింగు చేసేవాడు మంచి పనివాడైతే మొదటి రోజే దాన్నంతా శుభ్రంగా గీకేస్తాడు. అది అతని తప్పు కాదు, పనే అది.

కొన్ని దేశాల్లో ఈ వెతుకులాట తేలిక. ఇంగ్లండులో గేడన్ అనే చోట ఉన్న బ్రిటిష్ మోటార్ మ్యూజియం వారు, కొన్ని బ్రిటిష్ కంపెనీల కార్లకు ఫ్యాక్టరీ చిట్టాలు చూసి, కారు ఏనాడు తయారైందో, ఏ రంగు వేశారో, ఏ నంబరు ఇంజను బిగించారో రాసిన పత్రం రుసుము తీసుకొని ఇస్తారు. మన దేశంలో తయారైన పాత ఫియట్‌కో అంబాసిడర్‌కో అలా ఉత్తరం రాసి పత్రం తెప్పించుకున్నవారిని నేను ఇంతవరకు చూడలేదు. కాబట్టి మనం చేయగలిగింది, పొలం తగాదాలో పట్టానూ అడంగల్‌నూ సరిహద్దు రాయినీ పక్కపక్కన పెట్టి చూసినట్టు, ఇనుమునూ కాగితాన్నీ ఇంటివాళ్ల జ్ఞాపకాన్నీ ఒకదానితో ఒకటి సరిచూసుకోవడమే. మూడూ ఏకమైన చోట నమ్మవచ్చు. తేడా వచ్చిన చోట ఇనుముకు మొదటి స్థానం, కాగితానికి రెండోది, జ్ఞాపకానికి మూడోది ఇవ్వడం నా అలవాటు.

ముందుగా ఈ మోడల్ గురించి కొంత తెలియాలి. వాల్‌చంద్ హీరాచంద్ 1944లో స్థాపించిన ప్రీమియర్ ఆటోమొబైల్స్, బొంబాయి కుర్లా ఫ్యాక్టరీలో 1954 నుంచి ఫియట్ 1100 కార్లను తెచ్చింది. 1958లో ఎలిగెంట్, 1960లో సెలెక్ట్, 1962లో సూపర్ సెలెక్ట్ వచ్చాయి. 1964లో వచ్చిన 1100 డి మోడలును మన దగ్గర డిలైట్ అనే పేరుతో అమ్మారు. 1972లో అదే కారు ప్రెసిడెంట్ అయింది, 1974లో పద్మిని అయింది. మీ కారు 1966దైనా 1969దైనా డిలైటే అవుతుంది. అందువల్ల దూరం నుంచి రూపం చూసి సంవత్సరం చెప్పేవారి మాట మీద ఆధారపడకండి. ఇంకో చిక్కు కూడా ఉంది. డిలైట్‌లో ఉన్న 1089 సి.సి. నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజనే పద్మినిలోనూ కొనసాగింది. 1980లలో తుక్కుకు పోయిన పద్మిని ఇంజనును తెచ్చి మీ డిలైట్‌లో పెట్టినా పెద్ద మార్పులు లేకుండా కూర్చుంటుంది, కొలతలకు అతికినట్టే కనిపిస్తుంది. కాబట్టి సి.సి. సరిపోయిందని ఇంజను అసలుదే అనుకోవడానికి లేదు. ఒకవేళ లోపల 1171 సి.సి. నిస్సాన్ ఇంజను కనబడితే మాత్రం మీ నాన్నగారి జ్ఞాపకం నిజమే. అది 1985లో వచ్చిన 118 ఎన్ఈ కారుది, మీ బండి పుట్టిననాటికి ఆ ఇంజనే మన దేశంలో లేదు. గేరు కడ్డీ స్టీరింగ్ పక్కనే ఉందా, నేల మీదికి మారిందా అన్నది కూడా చూడండి. డిలైట్‌కు అది స్టీరింగ్ పక్కనే ఉండాలి.

ఇక నంబర్ల సంగతికి వద్దాం. తొందరపాటు ఎక్కువ నష్టం చేసేది ఇక్కడే. బోనెట్ ఎత్తితే, ఇంజనుకూ లోపలి సీట్లకూ మధ్య అడ్డంగా ఉండే రేకు గోడ మీద కంపెనీ పలక కనిపిస్తుంది. చాసిస్ (బండి చట్రం) నంబరును మాత్రం పలకను చూసి నమ్మకూడదు. పలక రెండు రివెట్లతో నిలిచే వస్తువు, ఏ కారుదైనా ఏ కారుకైనా బిగించవచ్చు. రేకులోకి గుద్దిన అంకెలే లెక్క. వాటి మీద అరవై ఏళ్ల నూనె, దుమ్ము, మూడు నాలుగు పూతల రంగు పేరుకొని ఉంటాయి. గ్రైండరు గానీ ఇనుప బ్రష్షు గానీ అక్కడికి తేవద్దు. పాత బనియను గుడ్డను డీజిల్‌లో ముంచి పావుగంట ఆనించి ఉంచండి, తరువాత పాత పళ్ల బ్రష్షుతో మెల్లగా తోమండి. ఆరిన తరువాత పలుచని తెల్ల కాగితం పరచి, రెండు వైపులా టేపు అంటించి, మెత్తని పెన్సిలును పడుకోబెట్టి ఒకే దిశలో రుద్దండి. ఆర్టీఓ ఆఫీసులో దరఖాస్తులకు అంటించే పెన్సిల్ ప్రింట్ అంటే ఇదే. తేడా ఏమిటంటే, ఏజెంట్లు అర నిమిషంలో తీసే ప్రింటులో 3కూ 8కీ, 1కీ 7కూ, 5కూ 6కూ తేడా తెలియదు. మీరు మూడు కాగితాల మీద మూడుసార్లు తీసి, మూడింటినీ ఆర్సీ పక్కన పెట్టి పోల్చండి. నకలు ఆర్సీ రాసిన గుమాస్తా ఒక అంకె తప్పు దింపి ఉండటం చాలా మామూలు. అలా తేడా వస్తే దరఖాస్తు పెట్టి కాగితాన్ని సరిచేయించుకోవాలి. రేకు మీది అంకెను కాగితానికి తగ్గట్టు దిద్దుతామని ఎవరైనా సలహా ఇస్తే ఆ షెడ్డు గేటు దాటి బయటికి వచ్చేయండి. అది నేరం. పైగా మీ కారుకున్న ఒకే ఒక్క నిఖార్సైన సాక్ష్యాన్ని మీ చేతులతో చెరిపేసుకున్నట్టు.

ప్రింటులో అంకెల తీరును కూడా పరిశీలించండి. ఫ్యాక్టరీలో గుద్దిన అంకెలు సాధారణంగా ఒకే లోతులో, ఒకే వరుసలో వస్తాయి. చుట్టూ సన్నని గీతలు మసకగా అచ్చుపడితే అక్కడ ఎప్పుడో ఆకురాయి ఆడిందని అర్థం. ఇంజను దగ్గర ఇంకో పొరపాటు జరుగుతుంటుంది. ఉబ్బెత్తుగా పైకి కనిపించే అంకెలు పోత పోసినప్పుడు వచ్చినవి, అవి ఆ అచ్చులో పోసిన ఇంజన్లన్నిటికీ ఒకటే. లోపలికి దిగి ఉన్నదే మీ ఇంజను నంబరు.

ఇప్పుడు కాగితాలు. 1966కూ 1969కీ మధ్య తేడా ఎక్కడ నుంచి వచ్చిందో నాకు ఒక అనుమానం ఉంది. ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండిని ఇంకో రాష్ట్రంలో పన్నెండు నెలలు దాటి ఉంచితే అక్కడి నంబరు వేయించుకోవాలన్నది నియమం. ఇప్పటి 1988 మోటారు వాహనాల చట్టంలో అది 47వ సెక్షన్. మీ తాతగారు మద్రాసులో కొని ఇటు తెచ్చినప్పుడు ఆ పని జరిగి ఉంటుంది. అలా కొత్త నంబరు ఇచ్చిన సంవత్సరాన్నే తయారీ సంవత్సరం గడిలో రాసేసిన పుస్తకాలను నేను నా షెడ్డులోనే చూశాను. నకలు తీసినప్పుడు ఆ పొరపాటు అలాగే దిగుతుంది, పాత మద్రాసు నంబరు మాత్రం దిగదు. అందుచేత మీకు ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యంగా కావలసింది ఆ మద్రాసు నంబరు. అది దొరికితే మొదటి రిజిస్ట్రేషన్ తేదీని వెతకడానికి దారి దొరుకుతుంది.

రిజిస్టరింగ్ ఆఫీసులో ఆర్సీ ఒక్కటే కాదు, వాహనాల రిజిస్టరు అనే పుస్తకం కూడా ఉంటుంది. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో అది ఫారం 24. దాని ముందు 1939 చట్టం కింద రాసిన పుస్తకాలు వేరు. యజమానుల పేర్లు, అప్పు నమోదులు, ఇంజను మార్పు, రంగు మార్పు వంటివి అందులో ఎక్కుతాయి. ఆన్‌లైనులో మీ నంబరు కొడితే వివరాలు రాలేదని నిరాశపడవద్దు, పాత పుస్తకాలన్నీ కంప్యూటరుకు ఎక్కలేదు. స్వయంగా వెళ్లి రాతపూర్వకంగా అడగండి. అవసరమైతే 2005 సమాచార హక్కు చట్టం కింద అడగండి. కాకపోతే ఎవరిదో బండి గురించి అడిగే మూడో మనిషిలా కాక, హక్కుదారుగా అడగాలి. అందుకని, తాతగారి తరువాత బండి మీ నాన్నగారి పేరుకు మారిందో లేదో ముందు తేల్చుకోండి. మారకపోతే వారసుడి పేరుకు మార్చే దరఖాస్తు ఫారం 31. నా ఉద్దేశంలో మీ మొదటి పని ఇదే.

మన జిల్లా పాత కాగితాలు చదివేవారికి ఒక చిన్న హెచ్చరిక. చిత్తూరు జిల్లా 1953 అక్టోబరు 1 దాకా మద్రాసు రాష్ట్రంలో ఉంది కాబట్టి, అంతకు ముందరి కార్లకు ‘ఎం’ తో మొదలయ్యే నంబరుంటే అవి ఎక్కడి నుంచో వచ్చినవని అర్థం కాదు. తిరుత్తణి 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రానికి వెళ్లిపోయింది. ఆ ఊరి చిరునామాతో ఆంధ్ర నంబరు ఉన్న 1958 నాటి కారు ఒకటి నా దగ్గరకు వచ్చినప్పుడు, ఇది రాష్ట్రం మారిన కారని దాని యజమాని వాదించారు. కారు కదలలేదు, సరిహద్దు కదిలింది. మీ కారు దాని తరువాతిది కాబట్టి ఈ గొడవ మీకు లేదు.

ఇంట్లో బీరువాలు, ట్రంకు పెట్టెలు దులపండి. ఆర్సీ కంటే ముందు పాత ఇన్సూరెన్స్ పాలసీ కోసం వెతకండి. పాలసీ మీద ఇంజను నంబరు, చాసిస్ నంబరు, బండి నంబరు మూడూ ఉంటాయి. జనరల్ ఇన్సూరెన్స్ 1973 జనవరి 1న ప్రభుత్వపరమై, నూరుకు పైగా ఉన్న కంపెనీలు నాలుగింటిగా కలిసిపోయాయి. కాబట్టి ఆ నాలుగూ కాక, 2000 తరువాత వచ్చిన ప్రైవేటు కంపెనీలూ కాక, వేరే పాత కంపెనీ పేరుతో ఉన్న పాలసీ దొరికితే, తేదీ చిరిగిపోయినా అది 1973కు ముందుదని చెప్పవచ్చు. అందులోని ఇంజను నంబరును ఇప్పుడు మీరు తీసిన ప్రింటుతో పోలిస్తే ఇంజను మారిందో లేదో తేలిపోతుంది. ఇప్పటి ఆర్సీలోని నంబరు ఇంజనుతో సరిపోయిందంటే, నకలు తీసేనాటికి ఆ ఇంజనే ఉందని మాత్రమే అర్థం. పుట్టుకతో వచ్చిందని కాదు.

మీ ప్రశ్నలో మీరు మాటవరసకు చెప్పి వదిలేసిన విషయం ఒకటి ఉంది. మీ నాన్నగారి పుట్టువెంట్రుకలు తీయించినప్పుడు తిరుమలలో ఈ కారు ముందు నిలబడి తీయించుకున్న ఫొటో ఉందన్నారు. అది చదివి నాకు ప్రాణం లేచి వచ్చింది. ఆ ఫొటోకు తేదీ లేకపోయినా ఫరవాలేదు. పుట్టువెంట్రుకలు చాలా ఇళ్లలో బేసి సంవత్సరంలో, అంటే ఒకటో ఏటో మూడో ఏటో ఐదో ఏటో తీయిస్తారు. మీ ఇంటి ఆనవాయితీ ఏదో పెద్దవాళ్లను అడిగి, నాన్నగారి పుట్టినతేదీకి కలపండి. ఫొటో వెనుక స్టూడియో ముద్ర ఉంటే అదీ చూడండి. ఆ లెక్క 1969కి ముందు తేలితే ఆర్సీలోని సంవత్సరం తప్పని అక్కడికక్కడే రుజువవుతుంది. ఫొటోను ఫ్రేము నుంచి తీయకుండా ఫోనుతో తీయకండి, అద్దం మెరుపు అంకెలను మింగేస్తుంది. బయటికి తీసి, మంచి స్కానరు మీద ఎక్కువ నాణ్యతతో స్కాన్ చేయించి, నంబరు పలకను పెద్దది చేసి చూడండి. మద్రాసు నంబరు దొరకగల చోటు అదే కావచ్చు.

అంకెలు చదవలేకపోయినా పలక రంగు చెప్పే సంగతి ఉంది. ఆ రోజుల్లో సొంత కార్లకు నల్ల పలక మీద తెల్ల అక్షరాలు, బాడుగ బండ్లకు తెల్ల పలక మీద నల్ల అక్షరాలు ఉండేవి. నలుపు తెలుపు ఫొటోలో కూడా ఇది స్పష్టంగా తెలుస్తుంది. చక్రాల మూతలు, బంపరు కొమ్ములు, ముందు గ్రిల్ పట్టీల వరుస కూడా గమనించి ఇప్పటి కారుతో పోల్చండి. ఏవి మారాయో ఒక కాగితం మీద రాసి పెట్టుకుంటే, తరువాత విడిభాగాలు వెతికేటప్పుడు డబ్బు వృథా కాదు.

రంగు విషయానికి బయటి రేకు మీద మొదలుపెట్టకండి. మళ్లీ రంగు వేసినవాళ్లు చేయి పెట్టని చోట్లు కారులో కొన్ని ఉంటాయి. డ్యాష్‌బోర్డు కింది అంచు, తలుపు లోపలి అట్ట వెనుక, వెనుక సీటు అడుగున, డిక్కీ చాప కింద, ముందు అద్దం బీడింగు లోపల, నంబరు పలక వెనుక. అక్కడ కనిపించేదే మొదటి రంగు అయ్యే అవకాశం ఎక్కువ. దాన్ని నిర్ధారించడానికి, బయట ఎవరికీ కనబడని చోట రూపాయి బిళ్లంత మేర, సన్నరకం వాటర్ పేపరును (నీళ్లతో రుద్దే గరుకు కాగితాన్ని) తడిపి, వేలి కొనతో గుండ్రంగా అరగదీయండి. చెట్టు మొద్దులో వలయాలు కనిపించినట్టు పైనుంచి కిందికి పొరలు వలయాలుగా విచ్చుకుంటాయి. ఎర్ర ప్రైమరుకు ఆనుకొని ఉన్నది మొదటి రంగు. ఒక చోట చూసి తేల్చవద్దు, తలుపు ఎప్పుడో మార్చి ఉండవచ్చు. పైకప్పు, బోనెట్, నాలుగు తలుపులు, డిక్కీ మూత వేరువేరుగా చూడాలి. థిన్నరులో ముంచిన దూదితో తుడిస్తే దూదికి రంగు అంటుకున్న పొర, షెడ్డులో కొట్టిన ఎన్.సి. (నైట్రోసెల్యులోజ్) పెయింటు. ఫ్యాక్టరీలో కాల్చి ఆరబెట్టిన పూత అంత తేలికగా కరగదు.

పైకప్పును విడిగా చూడమనడానికి కారణం ఉంది. పుత్తూరు వైపు నుంచి ఒకాయన తెల్ల ఫియట్ తెచ్చారు. మద్రాసులో ఒక డాక్టరు దగ్గర వాళ్ల నాన్న కొన్నదని ఎంతో గర్వంగా చెప్పారు. తలుపు మీద తెలుపు కింద బూడిదరంగు, దాని కింద నలుపు కనిపించాయి. పైకప్పు మీద మాత్రం తెలుపు, బూడిదరంగు, ఆ కింద పచ్చని పసుపు. ఎడమవైపు ముందు రేకు లోపలికి చేయి పెట్టి తడిమితే పుట్టీతో పూడ్చిన రంధ్రాలు వరుసగా తగిలాయి. నల్ల ఒళ్లు, పసుపు నెత్తి, ఎడమవైపు మీటరు: అది టాక్సీగా తిరిగిన బండి. ఆయన ముఖం చిన్నబోయింది. తీరా పాత కాగితాలు తెప్పిస్తే డాక్టరు మాట కూడా నిజమే. టాక్సీవాడి తరువాత యజమాని డాక్టరే, బూడిదరంగు ఆయన హయాముది. ఇంట్లో చెప్పుకొనే కథలు చాలావరకు అబద్ధాలు కావు, మొదటి అధ్యాయం చిరిగిన పుస్తకాలు. మీ తాతగారు కొత్తగా కొన్నారన్న మాటను కూడా ఈ దృష్టితోనే పరీక్షించండి. ఆ రోజుల్లో కొత్త కారుకు పేరు నమోదు చేసుకొని ఏళ్ల తరబడి ఎదురుచూడవలసి వచ్చేది. 1959 నాటి పంపిణీ నియంత్రణ ఉత్తర్వు కింద కార్ల అమ్మకం సాగేది. నిజంగా కొత్తదే కొని ఉంటే బుకింగు రసీదో డీలరు ఉత్తరమో ఇంట్లో ఎక్కడో ఉండే వీలుంది.

చిన్న విడిభాగాల గురించి ఎక్కువ రాయను. అద్దాల మూలల్లో తయారీదారు గుర్తు ఉంటుంది, వాటిలో ఒకటి వేరుగా ఉంటే అది పగిలి మార్చినది. బ్యాటరీకి కరెంటు అందించే డైనమో ఉండవలసిన చోట, అదే పని చేసే కొత్తరకం ఆల్టర్నేటరు ఉంటే అది తరువాతిది. సీటు కుషన్ విప్పించేటప్పుడు పాత గుడ్డ ముక్కను పారేయవద్దు, అడుగు మడతలో అసలు రంగు ఎండకు వెలవకుండా ఉంటుంది.

ఇదంతా ఎందుకన్న ప్రశ్నకు ఆచరణలో కూడా ఒక జవాబుంది. యాభై ఏళ్లు దాటి, చాసిస్‌లోనూ ఒంటి రేకులోనూ ఇంజనులోనూ పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న బండ్లకు వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇచ్చే నిబంధనను కేంద్రం 2021 జూలైలో తెచ్చింది. కొత్త రిజిస్ట్రేషనుకు రుసుము 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, తిరిగి చేయించుకోవడానికి 5,000. ఇదివరకే రిజిస్టరైన బండి తన పాత నంబరును నిలుపుకోవచ్చు. మీ కారు 1966దైనా 1969దైనా యాభై దాటినట్టే, కాబట్టి సంవత్సరం తేడా ఇక్కడ అడ్డం కాదు. ఇంజను తేడా అడ్డం కావచ్చు. అందుకే ఇంజను చరిత్రను ముందు తేల్చుకొని, మార్పు జరిగి ఉండి ఆర్సీలో ఎక్కకపోతే ఎక్కించుకొని, ఆ తరువాతే ఏ దరఖాస్తయినా పెట్టండి.

అయితే వింటేజ్ బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, పెట్రోలుకు తీసుకువెళ్లవచ్చు గానీ రోజువారీ వాడకానికి తిప్పకూడదు. మీరు ఆ కారులో అమ్మానాన్నలను ఎక్కించుకొని అప్పుడప్పుడు కొండకు వెళ్లాలనుకుంటున్నట్టు రాశారు. అదే మీ ఉద్దేశమైతే వింటేజ్ జోలికి పోకుండా, గడువు తీరిన ఆర్సీని మామూలు పద్ధతిలో ఐదేళ్లకు రెన్యువల్ చేయించుకోండి. ఆ ఫిట్‌నెస్ తనిఖీకి బ్రేకులు, లైట్లు, స్టీరింగ్ వంటివి సరిగా ఉండాలి. రంగు పని ఆ తరువాత నిదానంగా చేయించుకోవచ్చు.